ఫెబీ పల్లవి ఎన్నిసార్లు పాడుతుంది?

తెర మీద రెండో చరణం. ఫెబీ నోట పల్లవి.

అమెరికాలో, మిషిగన్‌లోని నోవై తెలుగు చర్చిలో ఆ ఆదివారం హాలంతా గందరగోళమైపోయింది. కొందరు చరణం ఎత్తుకున్నారు, కొందరు పల్లవిలోనే ఉండిపోయారు. డోలక్ వాయించే శ్రేయాస్ ఎటు వెళ్ళాలో తెలియక చేతులు ఆపేశాడు. మైక్ పట్టుకున్న ఫెబీ, హాలు చివర లాప్‌టాప్ ముందు కూర్చున్న కొత్త మనిషి వైపు ఒక చూపు చూసింది. బయట మంచు కురుస్తోంది. ఆ చూపు అంతకంటే చల్లగా ఉంది.

ఆ మనిషి నతానియేల్. స్లైడ్లు మార్చే పని అతనికి అప్పగించడం అదే మొదటిసారి.

ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఫెబీ బిర్యానీ ప్లేటుతో సహా వచ్చి ఎదురుగా నిలబడింది.

"బ్రదర్, మీకు తెలుగు చదవడం వచ్చా?"

"వచ్చు సిస్టర్. కానీ మీరు పల్లవి మూడోసారి పాడతారని ఎక్కడా రాసి లేదు."

"ఎలా రాసి ఉంటుంది? నాకే ముందు తెలియదు. జనం కళ్ళు మూసుకుని పాడుతుంటే మధ్యలో చరణంలోకి లాక్కెళ్ళాలా?"

"మరి నాకెలా తెలుస్తుంది?"

"నన్ను చూడండి. పల్లవి మళ్ళీ పాడాలంటే మీ వైపు చూస్తాను. చూడలేదంటే చరణం. కష్టమా?"

"కష్టమేముంది?" అన్నాడు.

ఎంత కష్టమో మరుసటి ఆదివారం తెలిసింది. పాట సాగినంతసేపూ ఒక అమ్మాయి ముఖం మీంచి కళ్ళు తిప్పకూడదు. తిప్పితే స్లైడ్ తప్పుతుంది. తిప్పకపోతే అసలు స్లైడ్ సంగతే గుర్తుండదు.

నతానియేల్‌ది ఒంటరి వ్యాపారం. నర్సు ఉద్యోగానికి వచ్చిన తల్లితో చిన్నప్పుడే జెర్సీ సిటీలో దిగాడు. సిటిజన్‌షిప్ ఉంది కాబట్టి వీసా బెంగ లేదు. ఆ ధైర్యంతోనే, మిషిగన్‌కి రప్పించిన కార్ల కంపెనీ ఉద్యోగం వదిలేసి, సొంతంగా చిన్న చిన్న యాప్‌లు కట్టి అమ్ముకుంటున్నాడు. అమ్ముకుంటున్నాడని అతను చెప్పుకుంటాడు. అపార్ట్‌మెంట్ వాళ్ళు మంచు ఎత్తే వంతులు పంచుకునే యాప్ ఒకటి చేస్తే, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళలో సగం మంది చుట్టాలే. వాళ్ళు ఉండేది టెక్సాస్‌లో, కాపెల్‌లో. అక్కడ ఎత్తడానికి మంచే లేదు.

స్లైడ్ తప్పకూడదు, ఫెబీని చూడటం ఆగకూడదు. రెండూ జరగాలంటే ఒక పని ఇంకెవరికైనా అప్పగించాలి. స్లైడ్ల పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగిద్దామనుకున్నాడు. పాట వింటూ, ఏ లైన్ పాడుతున్నారో పట్టుకుని తెర మీద అదే చూపించే యాప్. పేరు 'వంతపాట'.

"నాకు నీ గొంతు కావాలి," అన్నాడు ఒక శనివారం ప్రాక్టీస్‌లో.

"ఏంటీ?"

"అదే... రికార్డింగులు. యాప్‌కి నేర్పించడానికి."

ఫెబీ నవ్వింది. ఆమె పని కూడా చెవులతోనే. కొత్త కారు నడుస్తుంటే ఎక్కడో కిర్రుమంటుంది చూడండి, ఆ చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో పట్టుకునే ఇంజనీరు. అలాంటిదాని చేతికి టెస్టింగ్ వెళ్తే ఏమవుతుంది?

"మైక్ దూరమైతే నీ యాప్‌కి చెవుడు," అంది మొదటి రోజు.

"సరిచేస్తా."

"చప్పట్లు మొదలైతే పారిపోతోంది."

"సరిచేస్తా అన్నాగా!"

"శ్రేయాస్ తప్పు తాళం వేస్తే మాత్రం బాగా పట్టుకుంటోంది. దానికి నీకంటే సంగీతం తెలుసు."

ఫిబ్రవరి నాటికి బ్రదర్, సిస్టర్ ఎక్కడో జారిపోయాయి. ప్రాక్టీస్ అయ్యాక ఆమె కారు మీద మంచు అతను గీకేవాడు. ఆమె లోపల హీటర్ వేసుకుని అద్దంలోంచి, ఇంకా ఎడమవైపు ఉంది చూడు అని వేలు చూపించేది.

అన్నీ కుదిరాయి కానీ పల్లవి దగ్గర యాప్ తడబడుతూనే ఉంది. ఆమె మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాక గానీ దానికి తెలియడం లేదు. అప్పటికే ఆలస్యం.

ఒకరోజు నతానియేల్ హుషారుగా వచ్చాడు. "దొరికింది! పల్లవికి వెళ్ళే ముందు నువ్వు ఊపిరి కాస్త ఎక్కువసేపు తీసుకుంటావు. యాప్ అది వింటే చాలు."

ఫెబీ తలెత్తింది. "నా ఊపిరి కూడా చూస్తున్నావా నువ్వు?"

"టెస్ట్ డేటా," అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఏప్రిల్‌లో తెలుగు చర్చిల కాన్ఫరెన్స్. వంతపాట లాంచ్ అక్కడే. డెమో పాట ఫెబీది. పల్లవి రెండుసార్లు పాడింది, తెర పల్లవి మీదే నిలిచింది. మూడోసారి, నాలుగోసారి. తర్వాత చెప్పాపెట్టకుండా ఆఖరి చరణంలోకి దూకింది. నతానియేల్ లాప్‌టాప్ మీదికి వంగాడు. తెర మాత్రం ఆమెతోపాటే దూకింది. హాలంతా చప్పట్లు.

"అలా ఎందుకు చేశావు?" అన్నాడు స్టేజి దిగాక.

"కస్టమర్ల ముందు విరగకుండా ఉంటుందో లేదో చూశాను. నిలబడింది. కంగ్రాట్స్!"

కాపెల్ పాస్టర్ గారు అక్కడికక్కడే డబ్బు కట్టి తమ చర్చికి యాప్ తీసుకున్నారు. ఆయన వెనక మరికొందరు. వంతపాట అతనికి అన్నం పెట్టేలాగే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి నోవై చర్చిలో స్లైడ్లకి మనిషి అవసరం లేకపోయింది. ఫెబీ అలవాటుగా హాలు చివరికి చూసింది. లాప్‌టాప్ ఉంది. కుర్చీ ఖాళీ. నతానియేల్ ఎక్కడో మగవాళ్ళ వరుసల్లో, స్తంభం వెనక తల దించుకుని కూర్చున్నాడు. మరో ఆదివారం కూడా అంతే. ఆ మరుసటి వారం పాటలకి ప్రిస్సిల్లా ఆంటీ లేచింది. ఫెబీ లేవలేదు.

రాత్రంతా కోడ్ తిరగేశాడు నతానియేల్. పొద్దున్నే ఫోన్ చేశాడు. "పాటలు మానేశావట. యాప్‌లో ఏదైనా తప్పు జరిగిందా?"

"లేదు. చాలా బాగా పనిచేస్తోంది," అని ఫోన్ పెట్టేసింది.

యాప్ నిలబడింది. ఆ యాప్ ఎవరి గొంతుతో నిలబడిందో, ఆ మనిషే దూరమైపోతోంది. సరిచేయడానికి ఏ లైన్ తప్పో కూడా తెలియడం లేదు.

ఆ వారం ఆరాధన అయ్యేసరికి జోరున వాన. పార్కింగ్‌లో ఆమె కారు ముందు నిలబడ్డాడు. గొడుగు లేదు.

"అడ్డు లే," అంది ఫెబీ అద్దం దించి.

"మాన్యువల్ మోడ్ పెడతాను. మళ్ళీ నేనే స్లైడ్లు..."

"మాన్యువల్ మోడ్ ఎవరడిగారు? పాడేటప్పుడు నాకు నీ కుర్చీ కనపడుతుంది నతానియేల్. ఖాళీగా. పనైపోగానే స్తంభం వెనక్కి వెళ్ళిపోయావు. అంతేనా నాతో పని?"

అతను ముఖం మీద నీళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ స్లైడ్ల పేరు చెప్పి నిన్ను చూశాను. ఇప్పుడా పని లేదు. అందరి మధ్యా ఊరికే చూస్తూ కూర్చుంటే నీకేం పేరొస్తుంది? అందుకే స్తంభం వెనక్కి వెళ్ళాను. తల దించుకుని కూడా ఎప్పుడు ఊపిరి తీసుకుంటావా అనే వింటున్నాను."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"నాకు ఏ పనీ లేదు. అయినా నిన్ను చూడాలని ఉంది," అన్నాడు. "జీవితాంతం. పర్మిషన్ అడుగుతున్నాను."

ఫెబీ చెయ్యి చాచి పక్క డోర్ లాక్ తీసింది. "ముందు కారెక్కు. నా పర్మిషన్ ఎప్పుడో ఇచ్చేశాను. ఇంట్లో ఇంకో ఇద్దర్ని అడగాలి."

ఇంట్లో ఫెబీ నాన్న ఏసుపాదం గారు తడిసిన మనిషికి తువ్వాలు ఇచ్చి, చెప్పిందంతా కళ్ళద్దాలు సర్దుకుంటూ విన్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"పెళ్ళి విషయం బాబూ. తొందరపడకూడదు. ప్రార్థన చేసుకుని చెప్తాం."

వంటింట్లోంచి కరుణమ్మ గరిటెతో వచ్చింది. "కొత్తగా చేసేదేంటండీ? ఆ అబ్బాయి దీని కారు మీద మంచు గీకిన రోజు నుంచి నేను చేస్తూనే ఉన్నాను."

ఏసుపాదం గారు భార్యని చూశారు, కూతుర్ని చూశారు. "అయితే నేను ఆమెన్ అంటే చాలా?"

"చాలు. అనేసి కూర్చోండి, చారు చల్లారిపోతోంది."