నూనె రాయక ముందు, రాసిన తరువాత

"ఈ మొహం ఎవరిదండీ?"

లిఫ్ట్ మెకానిక్ నూనె కంపెనీ ఆఫీసుకొచ్చి, తన ఫోన్‌ని అక్కడి డిజైనర్ బల్ల మీద పెట్టి నిలదీశాడు.

అది తలనూనె ప్రకటన. ఎడమవైపు బట్టతల, కింద 'ముందు' అని ఉంది. కుడివైపు దుబ్బు జుట్టు, కింద 'తరువాత' అని ఉంది. రెండిట్లోనూ ఒకడే మనిషి.

ఆమె ఫోన్ చూసింది. అతన్ని చూసింది.

"మీరేనా! ఎవరో మోడల్ అనుకున్నాను. అంత జుట్టు పెట్టుకుని టోపీ ఎందుకండీ?"

అతను టోపీ తీశాడు. కింద నున్నటి బట్టతల.

"మీ నూనె రాశాక మిగిలింది ఇదీ. రెండు ఫోటోలూ జతచేసి కంపెనీకి కంప్లయింట్ పంపాను. మీరు వాటిని తిరగేసి ప్రకటన చేశారు."

"నాకు ఉత్త ఫోటోలే ఇచ్చారండీ. బట్టతల ముందు, జుట్టు తరువాత. తలనూనెకి ఇంకో వరుస ఉంటుందా?"

"ఉంటుంది. రాసుకుంటే తెలుస్తుంది."

ఆమె పక్కున నవ్వి, చప్పున నోరు మూసుకుంది. అతనికి ఒళ్ళు మండింది. ఆ నవ్వు మాత్రం ఇంకోసారి వినాలనిపించింది. ఇదేం రోగమో అతనికే తెలియలేదు.

ఆ ప్రకటన అప్పటికే అంతటా పాకింది. అతను రిపేరు చేసే లిఫ్టుల్లోనూ అంటించారు. ఎక్కినవాళ్ళు గోడ మీది జుట్టు చూసి, చెమటకి టోపీ తీసిన అతన్ని చూసి, దగ్గినట్టు నవ్వేవారు. నెట్‌లో 'తరువాత బావ' అని మీమ్స్ మొదలెట్టారు. ఇంట్లో అమ్మకి సంబంధాల ఫోన్లు.

"మీవాడికి జుట్టు వచ్చిందటగా?"

పోస్టర్ పీకించేదాకా వదలనని అతను రోజూ ఆఫీసుకి వెళ్ళాడు. రోజూ ఆమె టీ ఇచ్చింది. రోజూ ఆమె బాస్ ఒకటే మాట, అమ్మకాలు బాగున్నాయని. కొన్నాళ్ళకి అతను పోస్టర్ సంగతి అడగడం మరిచిపోయి, టీ తాగి, కబుర్లు చెప్పి వచ్చేస్తున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె కంప్యూటర్ మీద జుట్టున్న అతని పాత ఫోటో ఉంది, తెర నిండా. ఒక్కో వెంట్రుకా చెడకుండా ఆమె ఆ బొమ్మని ఎంతో ముద్దుగా కత్తిరిస్తోంది.

ఆమెకి కావలసింది వీడన్నమాట. వీడు ఇక తిరిగి రాడు. అతను టీ తాగకుండానే వెనక్కి తిరిగాడు. మళ్ళీ అటు వెళ్ళలేదు.

చివరికి ఆమే అతను పనిచేస్తున్న బిల్డింగ్ వెతుక్కుని, పై అంతస్తు లిఫ్ట్ మోటారు గదిలోకి వచ్చింది.

"ఫోన్ ఎందుకు ఎత్తరు?"

"బిజీ. లిఫ్ట్ చెడిపోయింది."

"నేను అందులోనే వచ్చాను."

అతను స్పానర్ కింద పెట్టాడు. ఆమె తన ఫోన్ అతని ముందు పెట్టింది. రేపు రాబోయే కొత్త ప్రకటన. జుట్టు ముందు, బట్టతల తరువాత. కింద పెద్ద అక్షరాల్లో, 'వరుస తప్పు వేశాం. క్షమించండి.'

"మీ బాస్ ఒప్పుకున్నాడా?"

"మీరు కేసు వేస్తున్నారని చెప్పాను."

"నేను అనలేదే!"

"మీ తరఫున నేనన్నాను."

సిగ్గుకి లొంగని కంపెనీ కేసుకి లొంగింది. అలాంటివాళ్ళు లొంగేది భయానికే.

"దీనికోసమే ఆ ఫోటో కత్తిరిస్తుంటే, మీరు మొహం మాడ్చుకుని పోయారు."

"ఆ జుట్టున్నవాడు మీకు నచ్చాడనుకున్నాను."

"వాడా? వాడి కళ్ళు కెమెరా మీద కూడా లేవు, వాడి క్రాపు మీదే ఉన్నాయి. అక్కడ ఇంకొకరికి చోటేది? రెండో ఫోటోలో మనిషి ఎదుటివాళ్ళని సూటిగా చూస్తున్నాడు."

"కోపంగా చూస్తున్నాను."

"కంపెనీని. నన్ను కాదుగా?"

అతను కాదని తల ఊపాడు.

"మరి అడగొచ్చుగా?"

"ఏమని?"

"అదీ నీ తరఫున నేనే అడగాలా?"

అతను చేతి గ్రీజు తుడుచుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"అమ్మా, ఒక అమ్మాయి ఉంది."

"జుట్టు లేదని చెప్పావా?"

"ఆ అమ్మాయే రేపు లోకానికంతా చెప్పబోతోంది."

"హమ్మయ్య! వీడియోలో చూపించమని అడిగిన ప్రతివాళ్ళకీ పిల్లాడు స్నానానికి వెళ్ళాడని చెప్పలేక చస్తున్నాను. ఫోన్ ఆ పిల్లకివ్వు."

డిజైనర్ ఫోన్ అందుకుని, కొంగు లేకపోయినా భుజం సర్దుకుని, "అత్తయ్యా" అంది.

అమ్మ గొంతు మోటారు గదంతా వినబడింది.

"ఆదివారం మీవాళ్ళని తీసుకుని రా తల్లీ. వాడికి మొహమాటం ఎక్కువ, వాడు పిలిచేదాకా ఆగకు."