నీలకంఠం ఒప్పుకున్న తప్పు

జ్వరమొచ్చినా డ్యూటీ మానని మనిషి నీలకంఠం. అలాంటిది ఆ మంగళవారం ఎనిమిదైనా లుంగీలోనే కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. బయట మాంగో అనే ఆ హిందీవాళ్ల పేట వీధుల్లో ఆటోల గోల అప్పుడే మొదలైపోయింది.

"ఏటి, డ్యూటీకి ఎల్లవా?" ఉప్మా పళ్లెం ముందు పెడుతూ అడిగింది భార్య పైడమ్మ.

"సెలవెట్టినాను."

"నువ్వా! ఏటైనాది నీకు?"

ఆయన పేపర్లోకి తల దూర్చాడు. అబద్ధం నిలబెట్టడం చేతకాని మనిషి, ఆడాల్సి వస్తే ఒక్క ముక్కతో ముగించేస్తాడు.

ఆ పక్కనే గమ్హరియాలో ఇనుప కడ్డీలు చేసే ఒక రోలింగు మిల్లులో ఆయన కాంట్రాక్టు ఫిట్టరు. అక్కడ మెషీను కిందికి దిగేముందు ప్రతి మనిషీ కరెంటు స్విచ్చుకి తన పేరున్న ట్యాగు తగిలిస్తాడు. పని ముగించి పైకొచ్చాక తనే తీసుకుంటాడు. పక్కవాడి ట్యాగు మీద ఎవడూ చెయ్యి వెయ్యడు. అది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

ఆ మిల్లుకి రిపేరుకి అనుమతిచ్చే పర్మిట్ల సాఫ్ట్‌వేరు రాసింది ఆయన కూతురు శ్వేతే. మొదటి ఉద్యోగం, మొదటి పని. వీధిలో అందరినీ పిలిచి మరీ చెప్పుకున్నాడు పిచ్చి తండ్రి. దాన్ని మనుషులు ఫోన్లో వాడతారు. ఒక ఏఐ కూడా వాడుతుంది. అయిపోయిన పర్మిట్లు మూసి, కరెంటు ఇవ్వొచ్చని కబురు పంపడం దాని వంతు.

శ్వేత ల్యాప్‌టాప్ పట్టుకుని గదిలోంచి వచ్చింది.

"నాన్నా, శనివారం నాలుగో నంబరు మెషీను కింద ఎవరున్నారు?"

"ఎవులో."

"సచ్ బోలో నాన్నా, నిజం చెప్పు! పర్మిట్ మీద నీ పేరుంది. నీతో దిగిన ఆదిబాబు తన పని అయిందని ఫోన్లో నొక్కాడు. ఏఐ మొత్తం పనే అయిపోయిందనుకుని పర్మిట్ మూసేసింది, కరెంటుకి ఓకే పంపేసింది. కింద మేనేజరు ఏం రాశాడో చూడు. ఫిట్టరు నీలకంఠం తప్పు ఒప్పుకున్నాడు, పది రోజులు సస్పెన్షన్ అట!"

పైడమ్మ నేల మీద చతికిలబడింది. "ఓలమ్మో! నువ్వు కిందున్నావా? కరెంటిచ్చీసినారా?"

"ఇవ్వలేదే. స్విచ్చు కాడుండే జయప్రకాష్ నా ట్యాగు చూసి ఆగిపోనాడు. ఫోను ఓకే అంటే అననీ, ట్యాగు ఏలాడతన్నాది, నాను ఇవ్వనన్నాడు."

"మరి తప్పు నీదని ఎందుకు సంతకం పెట్టావు?" శ్వేత గొంతు లేచింది. "నా ఉద్యోగం కోసమే కదా! నిన్నెవరడిగారు?"

"మెల్లగా మాటాడే. మొదటి పనికే మచ్చ పడితే రేపు నిన్నెవులు పెట్టుకుంటారు? నాకేటి, పది రోజులు ఇంట్లో కూకుంటాను."

అప్పటిదాకా ఏడుస్తున్న పైడమ్మ భగ్గుమంది. "పది రోజులయ్యాక మళ్లీ దాని కిందకే దిగుతావు కదా! ఆ రోజు జయప్రకాష్ లేకపోతే? దీని మచ్చ దాయడానికి ఎవులి మొగుడు సావాల?"

శ్వేత తండ్రి పక్కన కూలబడింది.

"తప్పు నాదే నాన్నా. మనుషుల స్క్రీను మీద పెద్ద ఎర్ర పెట్టె పెట్టాను, లోపల ఎవరైనా ఉన్నారేమో చూడమని. దాని రంగు కోసమే వారం తగలేశాను. ఆ పెట్టె ఏఐకి కనబడదు. దానికి చేరేది ఒక్క ముక్క, పని అయిందా లేదా అని. ఎంతమంది దిగారో, ఎవరి ట్యాగు ఇంకా ఉందో, ఏదీ దానికి రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. నేను నీ కూతుర్ని, పుట్టినప్పట్నుంచీ వింటున్నాను, నాకు తెలుసు. దానికెవరు చెప్పారు?"

ఆమె ఫోను తీసింది. నీలకంఠం చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దే తల్లీ. కూతురు రాసిన తప్పుకి తండ్రి పోబోనాడని మిల్లంతా అంటారు."

"అననీ నాన్నా. వినడానికి నువ్వున్నావు కదా."

ఆయన పట్టు సడలింది. శ్వేత తన బాసుకి ఫోను చేసింది. "సార్, శనివారం జరిగిన తప్పు ఫిట్టరుది కాదు, నాది. నేను సరిచేసేదాకా ఏఐ చేత పర్మిట్లు మూయించడం ఆపండి. మిల్లుకొచ్చి ఈ మాట అందరి ముందూ చెప్తాను."

బాసు పదింటికి మిల్లుకి రమ్మన్నారు. ఉద్యోగం ఉంటుందనీ అనలేదు, పోతుందనీ అనలేదు.

తప్పు ఫిట్టరుది కాదు. కాంట్రాక్టు మనిషి తరఫున పైవాళ్లతో ఆ మాట అన్నవాళ్లని నీలకంఠం తన సర్వీసులో ఒక్కరినీ చూడలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

"ఊరుకో నాన్నా" అంటూ కూతురూ ఏడ్చింది.

పైడమ్మ కళ్లు తుడుచుకుని దండెం మీంచి ఆయన చొక్కా తీసి చేతికిచ్చింది. "తొడుక్కో. పిల్ల ఒక్కర్తీ ఎల్తాదేటి?"