ఎర్ర మూత బాటిల్

ఫిబ్రవరి పదకొండు. ఉదయం ఏడుంపావు. శాంటా క్లారాకి పడమరగా ఉన్న కొండ రోడ్డు మీద ఓ తెల్ల ట్రక్ మలుపు తిరిగింది. ఎదురుగా సైకిల్ మీద వస్తున్న యువకుణ్ణి గుద్దింది. ఆగలేదు.

చనిపోయినవాడు కెన్నీ. ఇరవై ఆరేళ్లు. నార్త్ రివర్ అనే ప్రొఫెషనల్ సైక్లింగ్ టీమ్‌లో మెకానిక్. పోలీసులు హిట్ అండ్ రన్ అని రాసుకున్నారు.

అది హత్య అని తెలిసినవాళ్లు ఇద్దరు. వాషింగ్టన్‌లో సెక్షన్ చీఫ్ చాముండేశ్వరి, ఆమె దగ్గర పనిచేసే సీక్రెట్ ఏజెంట్ జూడ్. టీమ్‌లోకి చొరబడిన విదేశీ ముఠా మీద నిఘాకి కెన్నీని చేర్చుకున్నది జూడే.

వాళ్లిద్దరూ బయటపెట్టనిది ఇంకొకటుంది. ముందురోజు సాయంత్రం జూడ్‌కి కెన్నీ నుంచి మెసేజ్ వచ్చింది. "చైన్ ఊడింది." ఆ కోడ్‌కి అర్థం, నన్ను గుర్తుపట్టేశారు, బయటికి లాగండి అని.

జూడ్ జవాబిచ్చాడు. "ఒక్క రోజు ఓపిక పట్టు."

ఆ ఒక్క రోజే కెన్నీకి దక్కలేదు.

న్యూజెర్సీలో కెన్నీ సొంతూరు ప్లెయిన్స్‌బరో. అక్కడి తెలుగు చర్చిలో అంత్యక్రియలు జరిగాయి. అక్కడ జూడ్ అందరికీ ఇన్సూరెన్స్ కన్సల్టెంట్. శవపేటికకి అతనూ భుజం పట్టాడు. కెన్నీ తల్లి దేవకుమారి అతని చేతులు పట్టుకుని, "వాడికి నువ్వంటే ఎంత గౌరవమో తమ్ముడూ. నువ్విలా కుమిలిపోతే ఎలా?" అని ఓదార్చింది. ఆవిడ ఓదారుస్తుంటే జూడ్ తలెత్తలేకపోయాడు.

మూడు వారాల తర్వాత చాముండేశ్వరి అతన్ని పిలిపించింది.

"టార్గెట్ ఇల్యా," అంది. "నార్త్ రివర్ రైడర్. తన దేశం గూఢచారి సంస్థ చేయించిన హత్యల మీద మంగళవారం కోర్టులో సాక్ష్యం చెప్తాడు. ఈలోపు చంపేయాలని వాళ్ల ప్లాన్."

"రేస్ మానేయమనండి."

"వినడం లేదు. శనివారం న్యూజెర్సీలో సీజన్ మొదటి రేస్. టెంపరేచర్ సున్నా, పైన మంచు వాన. అలాంటి రోజు రైడర్ కుప్పకూలితే చలికి గుండె ఆగిందనుకుంటారు. నువ్వు మెకానిక్‌గా టీమ్ కార్‌లో ఉంటావు."

"కెన్నీ ప్లేస్‌లోనా?"

"ఖాళీగా ఉన్నది అదొక్కటే."

"లోపల మనకెవరున్నారు?"

"అబిగేల్."

జూడ్ కుర్చీలో కదిలాడు. అబిగేల్ కెన్నీ అక్క. అదే టీమ్‌లో రైడర్లకు మసాజ్ చేసి, రేస్‌లో బాటిళ్లు అందించే ఉద్యోగం. పొడవాటి ఎర్ర కోటు వేసుకుని నడుస్తుంటే కెమెరాలు రైడర్లని వదిలి ఆమె వైపు తిరిగేవి.

"తమ్ముడి కోసం మనకి పనిచేస్తానంది," చాముండేశ్వరి అంది. "నువ్వెవరో ఆమెకి చెప్పాం. ఆ మెసేజ్ సంగతి మాత్రం తెలియదు. తెలియనివ్వకు."

* * *

శనివారం. గడ్డానికి రంగు, కళ్లకి మందపాటి అద్దాలు, నూనె మరకల జాకెట్. జూడ్ కారు వెనక సీట్లో స్పేర్ చక్రాల మధ్య కూర్చున్నాడు. టీమ్ డైరెక్టర్ డ్రైవ్ చేస్తున్నాడు. అద్దం మీద మంచు వాన టపటపా కొడుతోంది.

టీమ్ నుంచి బయలుదేరిన ఏడుగురిలో ఆరుగురు చలికి రేస్ వదిలేశారు. వేళ్లు కొంకర్లు పోయి బ్రేకులు నొక్కలేక ఒకడు ఏడ్చేశాడు. ఇల్యా ఒక్కడే మిగిలాడు, ముందున్న గుంపులో. అతని చెవిలోని రేడియో తడిసి ఎప్పుడో మూగబోయింది.

నూట పదకొండో కిలోమీటర్ దాటారు. జూడ్ చెవిలో చాముండేశ్వరి గొంతు పలికింది.

"షామ్‌బర్గ్‌లో వాళ్లకి సరుకు చేరవేసే కొరియర్ దొరికాడు. నోరు విప్పాడు. ఆయుధం బాటిల్. వేడి టీ. ఎర్ర మూత. లోపల క్యాప్సూల్, నోటితో నొక్కితే పగులుతుంది. నూట పన్నెండో కిలోమీటర్, రైడర్లకి బాటిళ్లందించే ఫీడ్ జోన్."

"ఇచ్చేదెవరు?"

"అబిగేల్. డబుల్ ఏజెంట్. కెన్నీని చంపింది మనమేనని ఆమెని నమ్మించారు. బాటిల్‌లో ఉన్నది ఇల్యాని డోప్ టెస్ట్‌లో పట్టించే మందు అనుకుంటోంది. ఆ పనికి బదులు తమ్ముణ్ణి చంపినవాడి పేరు చెప్తారట."

"లోకల్ పోలీస్?"

"చేరడానికి ఆరు నిమిషాలు. ఇల్యాకి రెండు."

ముందున్న రోడ్డు ఇరుకు. రేస్ అధికారి కారు దాటనివ్వదు. అబిగేల్ ఫోన్ స్విచాఫ్. ఆమె చెవిలో ఉన్నది స్టాఫ్ రేడియో. ఆమె మీద కన్నేసి పక్కనే ఉండే శత్రువు మనిషి కూడా అదే వింటాడు.

కానీ వాడికి తెలుగు రాదు.

జూడ్ డాష్‌బోర్డ్ మీది మైక్ అందుకున్నాడు.

"అబిగేల్, నేను జూడ్ అంకుల్‌ని. మొహంలో ఏమీ కనబడనీకు. ఆ బాటిల్‌లో ఉన్నది విషం. ఇల్యా చచ్చిపోతాడు."

మొదట గాలి హోరు. తర్వాత ఆమె గొంతు వచ్చింది, గుసగుసగా. "వాణ్ణి చంపింది మీవాళ్లే. మీరే కెన్నీని చంపారు, అంకుల్. నాకు తెలుసు."

"ట్రక్ వాళ్లది. తప్పు నాది."

"ఏంటి?"

"ముందురోజు వాడు నాకు మెసేజ్ చేశాడు. తీసుకెళ్లిపొమ్మన్నాడు. ముఠా నాయకుడి మొహం ఇంకొక్క రోజులో తెలుస్తుందని ఆశపడి ఉండమన్నాను. నలభై నిమిషాల దూరంలో ఉన్నాను, వెళ్లలేదు. అంత్యక్రియల్లో మీ అమ్మ నన్ను ఓదారుస్తుంటే నోరు మూసుకున్నాను. నీకు కావలసిన పేరు నాదేనమ్మా. దాని కోసం ఇంకొకణ్ణి చంపొద్దు."

కారు మలుపు తిరిగింది. రెండొందల గజాల అవతల ఎర్ర కోటు కనిపించింది. ఆమె చెయ్యి చాచి ఉంది. చేతిలో ఎర్ర మూత.

ఇల్యా వణుకుతూ గుంపులోంచి పక్కకి జరిగాడు. గ్లౌవ్ వేసుకున్న చెయ్యి బాటిల్‌కి అందబోయింది. వేళ్లు తగిలాయి కూడా.

అబిగేల్ వదల్లేదు. గట్టిగా వెనక్కి లాక్కుని బాటిల్‌ని మురికి కాలవలోకి విసిరేసింది.

ఇల్యా తన భాషలో ఏదో బూతు తిట్టి వెళ్లిపోయాడు. ఆమె వెనక నుంచి బూడిద రంగు రెయిన్‌కోట్ మనిషి ముందుకొచ్చాడు. జేబులోంచి పిస్టల్ బయటికొస్తోంది.

"కుడి పక్కకి!" జూడ్ అరిచాడు. డైరెక్టర్ స్టీరింగ్ తిప్పాడు. జూడ్ వెనక డోర్ తన్ని తెరిచాడు. అది నేరుగా వాడి మోకాళ్లకి తగిలింది. పిస్టల్ మంచులో పడింది. పోలీసులు వచ్చేసరికి జూడ్ వాడి వీపు మీద మోకాలు వేసి కూర్చున్నాడు.

అబిగేల్ దగ్గరికొచ్చింది. చాచి చెంప మీద కొట్టింది. గడ్డానికి పూసిన రంగు ఆమె చేతికి అంటుకుంది.

"థాంక్స్ చెప్పాలా, చంపేయాలా? ఐ డోంట్ నో, అంకుల్."

"నాకూ తెలియదు."

"అమ్మకి ఎవరు చెప్తారు?"

"నేనే."

ఇయర్‌పీస్‌లో చాముండేశ్వరి గట్టిగా అరిచింది. ఓపెన్ ఛానల్‌లో కవర్ ఊడగొట్టుకున్నందుకు ఎంక్వైరీ తప్పదంది. "ఎంక్వైరీకి వస్తాను మేడమ్. ముందు ప్లెయిన్స్‌బరో వెళ్లాలి," అని ఇయర్‌పీస్ తీసేశాడు.

మధ్యాహ్నం మూడింటికి దేవకుమారి అపార్ట్‌మెంట్ మెట్లెక్కాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో తాళంచెవి లేకుండా లెక్కలేనన్ని తలుపులు తెరిచినవాడు, ఈసారి మాత్రం బెల్ కొట్టి, అవతలివాళ్లు తీసేదాకా బయటే నిలబడ్డాడు.