ఐదో టిక్కు

సాఫ్ట్‌వేర్ పరీక్షలో చేయవలసిన పనులు ఐదు. ఖాళీ లిస్టులోంచి తీసి చూడాలి. ఒక్కరే ఉన్న లిస్టులోంచి తీసి చూడాలి. మొదటివారిని తీసి చూడాలి. మధ్యవారిని తీసి చూడాలి. చివరివారిని తీసేసి, ఆ తర్వాత కొత్తవారిని చేర్చి చూడాలి.

ఐదింటికీ ఎదురుగా టిక్కులున్నాయి. కింద గుమాస్తా సంతకం. నాలుగు నెలల కిందటి తేదీ.

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతన్ని గుమాస్తా అనేవారు. చూస్తే ఏజెంటని కన్నతల్లి కూడా నమ్మదు. తాపీమేస్త్రీ కొడుకు, ఆ ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాడు. రహస్య దూతల లిస్టుకు సాఫ్ట్‌వేర్ రాసింది అతనే.

"కూర్చోకు," అన్నాడు పెద్దాయన. ఆ గదికి అతనే అధికారి. "రెండున్నరయింది. నాలుగింటికి మన దూతలు లైబ్రరీ రీడింగ్ రూమ్‌కి వస్తారు. నీలం అట్ట పుస్తకంలో చీటీ పెట్టి పోతారు. ఈసారి పక్క కుర్చీల్లో విదేశీ ముఠా కాచుకుని ఉంది. పుస్తకం ముట్టుకున్నవాడు మళ్ళీ కనపడడు. 'గడియారం ఆగింది' అని, అంటే పుస్తకం జోలికి పోవద్దని, కబురు పంపాం. ఎంతమంది అందుకున్నారు?"

"ఏడుగురు సార్."

"లిస్టులో?"

గుమాస్తా స్క్రీన్ వైపు చూశాడు. "తొమ్మిదిమంది."

"మిగతా ఇద్దరూ సినిమాకెళ్ళారా?"

గుమాస్తా కోడ్ తెరిచాడు. ఆ లిస్టులో ఒక్కో మనిషి ఒక్కో నోడ్. ఒక్కో నోడ్‌కు తన తర్వాతివారి చిరునామా ఒక్కటే తెలుసు. మూడో మనిషి కావాలంటే మొదటి తలుపు తట్టి, రెండో తలుపు దాకా నడిచి, అప్పుడు మూడోది తట్టాలి. మధ్యలోకి దూకే దారి లేదు. లిస్టును నడిపే కోడ్, అంటే లిస్ట్ క్లాస్, స్వయంగా గుర్తుపెట్టుకునేవి మూడే: హెడ్ అనే మొదటివారు, టెయిల్ అనే చివరివారు, మొత్తం ఎంతమందన్న లెక్క. కొత్తగా ఎవరు చేరినా వాళ్ళ చిరునామా టెయిల్‌లో ఉన్న మనిషికి వెళుతుంది, ఆపైన వాళ్ళే టెయిల్ అవుతారు.

కబురు హెడ్ నుంచి నడిచి ఏడో మనిషి దగ్గర ఆగిపోయింది. అప్పుడు గుమాస్తాకు ఒకప్పటి ఎనిమిదో మనిషి గుర్తొచ్చింది. గాయని. హోటళ్ళలో పాడుతూ, ముఠాలో ముఠామనిషిలా మసలుతూ, వాళ్ళ గుట్టు చేరవేసిన మనిషి. నిజంగానే వాళ్ళకు అమ్ముడుపోయిందని పెద్దాయనకు అనుమానం వచ్చి, లిస్టులోంచి తీసేయమన్నాడు. అప్పుడు చివర ఉన్నది ఆమే. తీసేసే పని చేసే కోడ్, రిమూవ్ మెథడ్, ఏడో మనిషి చేతిని ఆమె నుంచి విడిపించింది. లెక్కలో ఒకటి తగ్గించింది. టెయిల్‌ను మాత్రం వెనక్కి జరపలేదు. తర్వాత చేరిన ఇద్దరూ ఒకరి వెనక ఒకరు తీసేసిన మనిషి వెనకే తగులుకున్నారు.

ఐదో పని చేసి ఉంటే అయిదు నిమిషాల్లో బయటపడేది. ఆ రోజు అందరి ముందూ పెద్దాయన "అయిందా?" అన్నాడు. ఇంకా కాలేదనడం నామోషీ అనిపించింది. టిక్కు పెట్టేశాడు.

"సార్, తప్పు నాది. ఐదోది నేను చూడలేదు."

పెద్దాయన అరవలేదు. అరిచినా బాగుండేది. "మన మనిషి చిరునామా తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టామా? ఇప్పుడేం చేస్తావో చెప్పు."

"తొమ్మిదో మనిషి నర్సు. టెయిల్‌లో ఉంది కాబట్టి మీరు నేరుగా కబురు పంపొచ్చు. ఇప్పటి ఎనిమిదో మనిషి మధ్యలో చిక్కుకున్నాడు. నర్సుకు తన ముందువారు తెలియరు. లిస్టులో తప్ప పేర్లు ఎక్కడా రాసుకోం, కాబట్టి అతనెవరో తెలిసింది గాయనికే."

మూడుంపావుకు, మెకానిక్ చొక్కాతో, చేతిలో పనిముట్ల సంచీతో హోటల్ వెనక మెట్లెక్కాడు గుమాస్తా. జేబులోని పెన్ను రేడియో సన్నగా పలికింది. "నర్సు అందుకుంది." పెద్దాయన గొంతు.

పై గదిలో గాయని అద్దం ముందు పట్టు స్కార్ఫ్ సర్దుకుంటోంది.

"గొడుగు మరిచిపోయారా?" అన్నాడు.

"వాన వెలిసిందిగా." ఆమె అద్దంలోంచే చూసింది. "పాత కోడ్. నాలుగు నెలల తర్వాత ఇవాళ గుర్తొచ్చానా, మెకానిక్ గారూ?"

"మీ తర్వాతి మనిషి ఎవరండీ?"

"మీరే పంపారుగా. దర్జీ. మెడలో టేపు తీయడం ఎప్పుడూ మరిచిపోతాడు."

"ముఠాకు చెప్పలేదా?"

"చెప్పుంటే అతను ఈపాటికి బతికుండేవాడా? నీకు అడిగే పనుండేదా?"

గుమాస్తా సంచీ కింద పెట్టాడు. "అప్పటికే మిమ్మల్ని తీసేశామండీ. తీసేసే మెథడ్ నేనే రాశాను. సరిగా రాయలేదు."

ఆమె చేయి స్కార్ఫ్ మీదే ఆగింది. "కబుర్లు ఆగిపోయాయి. పారిపోదామని సూట్‌కేసు కూడా సర్దుకున్నా. ఆ వారమే అతని చిరునామా వచ్చింది. నమ్మకం లేకపోతే మనిషిని అప్పగిస్తారా అనుకుని ఉండిపోయా."

"అది నమ్మకం కాదండీ. నా తప్పు."

"సరేలే బాబూ. ముందు పరిగెత్తు. అక్కడి ముఠావాళ్ళకు సైగ చేయాల్సిన నల్లకోటాయన ఇంకా కింద హాల్లోనే ఉన్నాడు. అతన్ని ఆపడానికి ఒక పాట ఎక్కువ పాడతా."

దర్జీ దుకాణానికి తాళం వేసుంది. గుమాస్తా రీడింగ్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి నాలుగవడానికి అర నిమిషం ఉంది. ముగ్గురు మనుషులు పేజీ తిప్పకుండా పేపరు చదువుతున్నారు. మెడలో టేపున్న మనిషి చేయి నీలం అట్ట వైపు సాగుతోంది.

గుమాస్తా గోడవైపు తలెత్తి, విసుక్కుంటున్నట్టు పైకే అన్నాడు. "గడియారం ఆగింది."

దర్జీ చేయి పక్కనున్న వంటల పుస్తకం మీదికి జారింది.

"నడుస్తూనే ఉందే," అంది లైబ్రేరియన్.

"అయితే తప్పు నాదేనండీ," అన్నాడు గుమాస్తా.

ముగ్గురూ సైగ కోసం తలుపు వైపు చూస్తూనే ఉన్నారు. నల్లకోటాయన ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికి దర్జీ జారుకున్నాడు, అక్కడ వాళ్ళను పట్టుకోవడానికి కాచుకుని ఉన్నది డిపార్ట్‌మెంట్ మనుషులే.

ఆ తర్వాత గాయని కనపడలేదు. గదిలో పట్టు స్కార్ఫ్, మళ్ళీ సర్దుకోని ఖాళీ సూట్‌కేసు దొరికాయి. వెతకమని గుమాస్తా మూడుసార్లు రాశాడు. "లిస్టులో లేని మనిషిని ఏమని వెతకమంటావోయ్?" అన్నాడు పెద్దాయన. అతనూ తల దించుకునే అన్నాడు.

టెయిల్‌ను వెనక్కి జరపడానికి పట్టింది నాలుగు లైన్ల కోడ్. ఐదో పని ఈసారి చేసి చూశాడు. సరిగ్గా వచ్చింది. సంతోషం రాలేదు.

ఏ నోడ్ చిరునామా ఎవరి దగ్గరా లేకపోతే దాన్ని యంత్రం చెత్త కింద ఊడ్చేస్తుంది. ఒక్కరి దగ్గరున్నా చాలు, దాని జోలికి పోదు. ఆమె అసలు పేరు గుమాస్తాకూ తెలియదు. కాబట్టి చదివిన మీరు, ఒక పాట ఎక్కువ పాడిన ఆవిడను గుర్తుపెట్టుకోండి. టిక్కు పెట్టి ఊరుకోకండి.