పదిహేను డిగ్రీల వాలు

"ఇది నలభై అయిదు కాదండీ. పదిహేను!"

ఆరోగ్య కేంద్రం డాబా మీద, నెత్తి మాడిపోయే ఎండలో, కోణం కొలిచే యాప్ ఉన్న ఫోన్‌ని ఇనుప స్టాండుకి ఆనించి సోలార్ ఇంజనీరు పెట్టిన కేక అది. ఎదురుగా ఉన్న వెల్డింగు షాపు అమ్మాయి చెవి మీద సుద్దముక్క సర్దుకుని, "పదిహేనే సార్. వెల్డింగు చేసింది నేనేగా, నాకు తెలీదా?" అంది.

చెవి మీద ఎప్పుడూ అది ఉంటుందనే అందరూ ఆమెని సుద్దముక్క అని పిలుస్తారు. ఈ పరిచయం పెళ్ళిమాటల దాకా వెళ్తుందని ఆ నిమిషంలో ఎవరైనా అని ఉంటే, ఇద్దరూ కలిసి ఆ మనిషిని డాబా మీంచి తోసేసేవాళ్ళు.

"అసలు డ్రాయింగు చూశారా?"

"చూశాను. మూడు దేశాల స్టాంపులున్నాయి, ముచ్చటగా ఉంది."

"మరి?"

"మంచు పడే ఊరికి గీసింది సార్ అది. ప్యానెళ్ళ మీంచి మంచు జారిపోవాలని అంత నిటారుగా పెట్టారు. ఇక్కడ మంచెక్కడుంది, టీకాల ఫ్రిజ్‌లో తప్ప? నేను మూడు రోజులు ఇదే డాబా మీద కర్ర నిలబెట్టి నీడ గీసుకున్నాను. మీ లెక్కన పెడితే ముందు వరస నీడ వెనక వరస మీద పడుతుంది. పెద్ద గాలొస్తే మొత్తం లేచిపోతుంది."

"మీరు వెల్డరు. డ్రాయింగు మార్చడం మీ పని కాదు!"

"తప్పని తెలిసీ చెయ్యడం కూడా నా పని కాదు."

ఈ ప్రాజెక్టుకి డబ్బు ఒక దేశానిది, ప్యానెళ్ళు ఇంకో దేశానివి, బ్యాటరీలు మూడో దేశానివి. ఎండ ఒక్కటే ఇక్కడిది. కరెంటు పోయినప్పుడల్లా టీకాలు పాడైపోతున్నాయని మొదలుపెట్టారు. ఇది బాగా వస్తే ఇంకో నలభై కేంద్రాలకి ఇస్తారు. ఆ నలభైకీ స్టాండ్లు సుద్దముక్క వాళ్ళ షాపే చెయ్యాలి.

మన ఇంజనీరు అంతకుముందే ఆ డ్రాయింగు కింద 'సరిచూశాను' అని సంతకం పెట్టాడు. సరిచూడలేదు. అన్ని స్టాంపులున్న కాగితంలో తను చూసేదేముంటుందనుకున్నాడు. అందుకే ఆ అమ్మాయి మాట అంత గుచ్చుకుంది. దడదడా మెట్లు దిగి, ఆఫీసు గదిలో కూర్చుని, లోపాల ఫారంలో 'కారణం: వెల్డింగు షాపు' అన్న గడిలో టిక్కు కొట్టి పై ఆఫీసుకి మెయిల్ పంపేశాడు. అర నిమిషం పట్టింది.

మర్నాడు పొద్దున్నే సుద్దముక్క అచ్చం డ్రాయింగులో ఉన్నట్టే నలభై అయిదు డిగ్రీల స్టాండు ఒకటి భుజాన వేసుకొచ్చింది. దాని కాలి మీద సుద్దతో '45' అని రాసి, తన పదిహేను పక్కన పెట్టింది.

"రెండిటికీ చెరో ప్యానెల్ బిగించండి. మూడు రోజులు మీటరు చూడండి. నాది తక్కువొస్తే అన్నీ కోసి మళ్ళీ చేస్తాను, నోరెత్తను."

మొదటి సాయంత్రానికే తేలిపోయింది. పదిహేను డిగ్రీలది నాలుగు పాళ్ళ కరెంటు ఇస్తుంటే, నలభై అయిదుది మూడు పాళ్ళే ఇస్తోంది. అయినా పట్టు వదలకుండా ఆయన మూడు రోజులూ మీటరు చూశాడు. ఆ అంకెలు చెప్పాలన్న నెపంతో మూడు రోజులూ షాపుకి వెళ్ళాడు.

షాపులో ఒక్కటే స్టూలు. దాని మీద వాళ్ళ నాన్న మేస్త్రీ కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళు నిప్పు చూసి కళ్ళు మసకబారాయి, ఇప్పుడు మనుషుల్ని గొంతుని బట్టి పోల్చుకుంటాడు.

"కూర్చోడానికి ఇంకోటి లేదా?" అన్నాడు ఇంజనీరు.

"లేదు సార్. నిలబడ్డవాళ్ళయితే పని చెప్పి త్వరగా వెళ్తారు," అంది సుద్దముక్క.

ఆయన గంటసేపు నిలబడ్డాడు.

"వెల్డింగు వెలుగు వంక చూడకండి, కళ్ళు పోతాయి."

"నేను వెలుగు వంక చూడట్లేదు."

సుద్దముక్క గబుక్కున ముసుగు దించేసుకుంది. లోపల నవ్విందా అంటే ఇప్పటికీ ఒప్పుకోదు.

మూడో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. డాబా మీద ఇద్దరూ వంగి పదిహేను డిగ్రీల ప్యానెల్ కింద దూరారు.

"పక్కన మీది ఖాళీగానే ఉందిగా సార్, అందులోకి వెళ్ళొచ్చుగా?"

"జల్లు కొడుతుంది."

"అయితే డ్రాయింగు తప్పని ఒప్పుకున్నట్టేనా?"

"వాన వరకు."

ఆమె పకపకా నవ్వింది. మెయిల్ సంగతి చెప్పేయాలని ఆయనకి నోటి దాకా వచ్చింది. ఆ నవ్వు పాడుచెయ్యడం ఇష్టం లేక మింగేశాడు.

నాలుగో రోజు పొద్దున ఆమె డాబా మీదకి వచ్చింది, చేతిలో కాగితం. నాణ్యతా లోపం వల్ల ఇకముందు ఏ పనికీ మీ షాపుని తీసుకోము, అని అందులో ఉంది.

"ఇది మీరు రాసిందేనా సార్?"

"మొదటి రోజు... కోపంలో."

"తర్వాత మూడు రోజులు మా షాపులో నిలబడ్డారు. కోపం తగ్గాక కూడా నోరు పెగల్లేదా? మా నాన్న వేసిన అతుకు ఇన్నేళ్ళలో ఒక్కటీ ఊడలేదు. ఆయన షాపుకి ఈ మాట రాయించారు. ఇక మా గుమ్మం తొక్కకండి."

ఆయన వెంటనే బాస్‌కి ఫోన్ చేశాడు.

"పిచ్చా నీకు?" అన్నాడు బాస్. "డిజైనే తప్పంటే ఫైలు మూడు దేశాలూ తిరుగుతుంది. ముందు నీ సంతకమే దొరుకుతుంది. నీ కాంట్రాక్టు ఉద్యోగం ఊడి చేతిలో పడుతుంది. పోతే పోయింది, ఒక్క వెల్డింగు షాపేగా!"

ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగం పోతుందని భయం వేసింది. ఆ పిల్ల ఇంక మాట్లాడదేమోనని అంతకంటే ఎక్కువ భయం వేసింది. కొత్త ఫారం తీసి, 'కారణం: ఇంజనీరు' దగ్గర టిక్కు పెట్టాడు. మీటరు అంకెలన్నీ జతచేసి, ఆమె కర్రతో నీడ గీసుకున్న సంగతి కూడా రాసి, బాస్‌కీ, తనిఖీకి రాబోతున్న విదేశీ మేడంకీ పంపాడు. ఈసారి రెండు గంటలు పట్టింది.

వారం తర్వాత మేడం వచ్చింది. తలంతా నెరిసిన పెద్దావిడ. డాబా మీద పక్కపక్కనే ఉన్న రెండు స్టాండ్లనీ ఎగాదిగా చూసింది. బాస్ చెమటలు తుడుచుకుంటున్నాడు. షాపు తరఫున పిలిపించిన సుద్దముక్క ఓ మూల నిలబడింది.

"కారణం ఎవరు?" అంది మేడం నెమ్మదైన ఇంగ్లీషులో.

"నేను," అన్నాడు ఇంజనీరు. "చూడకుండా సంతకం పెట్టాను. తప్పు పట్టుకుంది ఆమె. తప్పు ఆమెదని రాసింది కూడా నేనే."

మేడం డ్రాయింగు తీసి, కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"ఇది గీసింది నేను. మా ఊళ్ళో బడి పైకప్పు కోసం, మంచుకి. పన్నెండేళ్ళ నుంచి ఎన్ని దేశాలు తిరిగిందో ఈ కాగితం! ఒక్కరూ నన్ను అడగలేదు." సుద్దముక్క వైపు తిరిగింది. "ఆ కర్ర ఏదీ?"

సుద్దముక్క పిట్టగోడ పక్కనుంచి కర్ర తెచ్చి నిలబెట్టింది. నేల మీద వానకి సగం చెరిగిన సుద్ద గీతల దగ్గర ఆ పెద్దావిడ గొంతుక్కూర్చుని, ఒక్కో గీతా ఏ వేళదో అడిగి తెలుసుకుంది. లేచేటప్పుడు ఒకటే చెప్పింది: నలభై కేంద్రాల్లోనూ ముందు కర్ర, తర్వాతే డ్రాయింగు. కర్ర పట్టుకునేది ఈ అమ్మాయే.

ఇంజనీరుకి కాంట్రాక్టు ఊడలేదు, మెమో మాత్రం వచ్చింది. సుద్దముక్క ఆయన వంక చూడకుండానే మెట్లు దిగిపోయింది.

రెండో రోజు సాయంత్రం ఆయన షాపు దాకా వెళ్ళి గుమ్మం బయటే ఆగాడు.

"ఎవరమ్మా అది?" అన్నాడు మేస్త్రీ.

"తప్పు ఒప్పుకున్నాయన నాన్నా."

"అయితే రమ్మను. తప్పు అతుకుని కోసేస్తేనే కొత్తది పట్టేది. మీద మీద పూసేవాడితోనే తంటా."

ఆయన లోపలికి వచ్చి, గొంతు సవరించుకున్నాడు. "నేను పని మీద రాలేదండీ. మీ అమ్మాయంటే నాకిష్టం. తనకీ ఇష్టమైతే పెళ్ళి చేసుకుంటాను."

"నన్నడిగితే ఏం లాభం బాబూ? ఈ షాపులో కొలతలన్నీ అదే చూస్తుంది."

సుద్దముక్క వెనక గదిలోకి వెళ్ళి, కొత్త స్టూలు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఇనుప కాళ్ళు ఎక్కడో చూసినట్టున్నాయి. వంగి చూశాడు. ఒక కాలి మీద సుద్దతో రాసిన '45', దాని మీద అడ్డంగా గీత.

"ఇది... ఆ స్టాండే కదూ?"

"నిన్ననే కోసేశాను."

"ఇక్కడ రెండో స్టూలు ఉండదన్నారు?"

"త్వరగా వెళ్ళేవాళ్ళకి ఉండదు," అంది సుద్దముక్క. "కూర్చోండి."