జిగ్‌జాగ్ అంచు

నిన్న ఉదయం 10:40. బట్టలు కుట్టే యూనిట్‌లో పద్నాలుగో మెషీన్ దగ్గర ఒక పిల్ల కూలిపోయింది.

విషం పెట్టారని పుకారు లేచింది. ఈరోజు తొమ్మిదింటికి లేడీ ఎస్సై ఐసీయూ ముందు నిలబడింది.

"విషం కాదు మేడమ్," అన్నాడు డాక్టర్. "మూత్రంలో ఇన్‌ఫెక్షన్. రక్తంలోకి పాకింది. నిన్నటినుంచి ఇస్తున్న యాంటీబయాటిక్‌కి లొంగట్లేదు. ల్యాబ్ రిపోర్ట్ రేపు గానీ రాదు. అంతదాకా ప్రాణం నిలిచేలా లేదు. ఇదివరకు ఏం మింగిందో కనుక్కోండి."

పిల్ల పర్సులో గోళీల రేకు చిన్న ముక్క దొరికింది. రెండు ఖాళీ గుంతలు. మందు పేరు లేదు.

9:50. యూనిట్. టాయిలెట్ తాళం సూపర్‌వైజర్ జేబులో ఉంది.

"రోజుకి ఎన్నిసార్లు తీస్తావ్?"

"రెండుసార్లు. అయినా నేనేం చేయలేదు మేడమ్!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం. ఆడపిల్లల చేత మూత్రం ఆపించిన పాపాత్ముడే. కానీ ఒకరికి గోళీ ఇచ్చేంత దయ ఆ మొహంలో లేదు.

కటింగ్ టేబుల్ దగ్గర పిల్ల అక్క నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"చెల్లెలు గోళీలేమైనా వాడిందా?"

"లేదు మేడమ్."

తల ఎత్తలేదు. ఎస్సై టేబుల్ మీద గుడ్డముక్క తీసుకుని, రేకు పక్కన పెట్టింది. రెండింటి అంచులకూ ఒకేలాంటి పళ్లు.

"మందుల షాపులో తిన్నగా కత్తిరిస్తారు. ఇది జిగ్‌జాగ్ కత్తెర. యూనిట్ మొత్తానికి ఒకటే ఉంది, నీ చేతిలో."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కత్తెర పట్టించింది.

అక్క కూలబడింది. "నాకు డాక్టర్ పది రాశాడమ్మా. నాలుగు గోళీలకే మంట తగ్గింది. మిగతావి పారేయబుద్ధి కాలేదు. చెల్లికి మంటంటే రెండిచ్చా. తగ్గింది. మళ్లీ వస్తే మళ్లీ రెండు. అయిపోతే ఖాళీ రేకు చూపించి కొనుక్కొచ్చా. నా చేతులారా నేనే చేశా. చెబితే దాని మొహం ఎలా చూడనని దాచా."

బాబిన్ల డబ్బాలోంచి పేరున్న రేకు తీసి ఇచ్చింది. ఎస్సై డాక్టర్‌కి ఫోన్ చేసి పేరు చదివింది.

"మేమిస్తున్నదీ అదే జాతి మందు!" అన్నాడు డాక్టర్. "రెండు గోళీలకి మెత్తటి క్రిములు చస్తాయి. మొండివి మిగిలి సంతానం పెంచుకుంటాయి. ఇప్పుడే మందు మారుస్తున్నా. సాయంత్రానికి జ్వరం దిగితే బతికినట్టే."

ఎస్సై ఫోన్ పెట్టేసింది. "ఇంకెవరికిచ్చావ్?"

మెషీన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆరో మెషీన్ దగ్గర ఒక చెయ్యి లేచింది. తొమ్మిదో దగ్గర మరొకటి. తర్వాత వరుసంతా.

"తలా రెండు, మేడమ్," అంది అక్క వెక్కుతూ. "ఎవరికీ తక్కువ చేయలేదు."