ఆమె కంప్యూటర్ వెలిగితేనే అతనికి నెట్

ఇటు రండర్రా, ఇంకాస్త దగ్గరగా జరగండి. ఆ ఫోన్లు బోర్లా పెడితేనే చెబుతాను. ఇదొక వైరు కథ. వైరుకి కథేమిటని మూతి తిప్పకండి. రెండు చివర్లా ఇద్దరు పట్టుకుంటే ఏ తాడుకైనా కథ పుడుతుంది.

ఒక మేడ ఇల్లు. కింది వాటాలో తండ్రీ కూతురూ ఉండేవాళ్లు. ఆ అమ్మాయి ఇళ్లకి ప్లాన్లు గీసేది. గోడ ఎక్కడ రావాలి, మెట్లు ఎటు తిరగాలి, అంతా కంప్యూటర్ ముందు కూర్చుని గీసి ఇంజినీరుకి నెట్‌లో పంపేసేది. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునే పిల్ల కాదు. గీత మీద ఉన్న అదుపు నోటి మీద మాత్రం ఉండేది కాదు.

నాన్న కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయనకి ముద్ద దిగేది కాదు. మనిషి లేనిచోట కరెంటుకేం పని అంటూ తిరుగుతూ, కనిపించిన స్విచ్చల్లా కట్టేసేవాడు. కట్టేసినట్టు ఆయనకే తెలిసేది కాదు, చెయ్యి దానంతటదే వెళ్లేది.

మేడ మీదకి అక్కా తమ్ముడూ అద్దెకి దిగారు. అక్క ఆసుపత్రిలో నర్సు. తమ్ముడు లెక్కల మాస్టారు, ఊరూరా ఉన్న పిల్లలకి కంప్యూటర్‌లోనే పాఠాలు చెప్పేవాడు. తీరా దిగాక నెట్ వాళ్లని అడిగితే, మీ వీధి స్తంభం మీద చోటు లేదు, ఎవరైనా మానేస్తే చూద్దాం అన్నారు. పాపం మాస్టారు గాలి తీసిన బంతిలా అయిపోయాడు. అప్పుడు నాన్నగారే, మా దాంట్లోంచి లాక్కో నాయనా అన్నాడు.

సరే, ఏర్పాటు ఎలా చేశారంటే, వీధిలోంచి వచ్చే లైను అమ్మాయి కంప్యూటర్‌లోకి వెళ్తుంది. దాని వెనక ఒక చిన్న డబ్బా. డబ్బాలోంచి ఒక వైరు హాల్లో నాన్న పాత కంప్యూటర్‌కి, ఇంకో వైరు కిటికీ ఊచల్లోంచి పాకి మేడ మీద మాస్టారి బల్ల మీదకి. పెద్ద కాలవలోంచి పిల్లకాలవలు తీసినట్టన్నమాట. తూము మాత్రం అమ్మాయి కంప్యూటరే. అది వెలిగితేనే మిగతా ఇద్దరికీ నెట్. అది ఆరిందా, ఇల్లంతా ఎండే.

మొదటిరోజే ఎండింది. మాస్టారు చేతిలో మార్కరుతోనే మెట్లు దిగొచ్చి తలుపు కొట్టాడు. కంప్యూటర్ ఆపారా అండీ అని అడిగాడు. వంటింట్లోంచి వచ్చిన అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. గదిలో ఫ్యాను తిరగట్లేదు, లైటు లేదు, కంప్యూటరూ ఆరిపోయి ఉంది. ఎవరి పనో తెలిసిపోయింది. కానీ ముక్కూమొహం తెలియని వాడి ముందు కన్నతండ్రిని ఎలా పట్టిస్తుంది? నేనే ఆపాను, దానికీ విశ్రాంతి కావాలిగా అంది.

"మూడింట రెండు వంతులు చెప్పానండీ," అన్నాడు అతను. "మిగిలిన ఒక్క వంతు మీరొచ్చి చెబుతారా?"

"దానికేం, చెబుతాను. ఈలోగా మీరు కూర్చుని ఈ ఇంటికి మెట్లు గీయండి."

అతనికి నవ్వొచ్చింది, నవ్వలేదు. ఆమెకి కోపం రాలేదు, తెచ్చుకుంది. ఈలోగా హాల్లోంచి నాన్న కేకేశాడు, అమ్మా, నాకు నెట్ రావట్లేదేంటో చూడు అని.

ఆ తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. పాఠం మొదలుపెట్టే ముందు మాస్టారు నేల మీద మూడుసార్లు కర్రతో కొట్టాలి. కింద అమ్మాయి పొడుగు స్కేలుతో పైకప్పుకి తగిలేలా రెండుసార్లు కొట్టాలి, కంప్యూటర్ వెలుగుతోంది, కానివ్వండి అని. నాన్న మాత్రం మేడమీద ఎలుకలు పడ్డాయని బోను కూడా తెచ్చిపెట్టాడు.

వానాకాలం వచ్చింది. వైరు వెంట వాన నీళ్లు జారి, కిటికీలోంచి సరిగ్గా అమ్మాయి గీసుకున్న కాగితాల మీద పడ్డాయి. మాస్టారు గొడుగేసుకుని దిగొచ్చి, వైరు కిటికీ కంటే కిందికి ఊయలలా వేలాడేలా వంచాలి, అప్పుడు నీళ్లు బయటే కారిపోతాయి అన్నాడు. అతను బయట గొడుగు కింద, ఆమె లోపల ఊచల వెనక, వైరు ఇద్దరి చేతుల్లో. ఇంకొంచెం వదలండి అంటాడతను. ఇంకెంత వదలాలి అంటుందామె. వేలెడు వైరు వంచడానికి అంతసేపు ఎందుకు పట్టిందో ఆ వానకే తెలియాలి. గొడుగు పక్కకి వాలి మనిషి సగం తడిసిపోయినా అతనికి తెలియలేదు.

ఆనాటి నుంచి మేడ మీద నెట్ పోవడం ఎక్కువైంది. ఒకరోజు పది గంటలకి, ఒకరోజు పన్నెండుకి, అతను దిగొస్తాడు. నెట్ పోయిందండీ అంటాడు. ఆమె గదిలోకెళ్లి చూసి, ఇప్పుడు వెలుగుతూనే ఉందిగా అంటుంది. అయితే వచ్చేసుంటుంది అని మంచినీళ్లు తాగి, రెండు మాటలు అనిపించుకుని, నాలుగు అనేసి వెళ్తాడు. అతను వెళ్లగానే ఆమె నాన్న మీద పడేది. నేను ఆపలేదమ్మా, నాకు వార్తలు వస్తూనే ఉన్నాయే అనేవాడాయన. ఆపి, మళ్లీ వేసి, మర్చిపోయుంటావు నాన్నా అనేది. ఆయన జేబులో పెన్ను తడుముకుంటూ హాల్లోకి వెళ్లిపోయేవాడు. మనిషి రానురాను మాట తగ్గించాడు. ప్రేమలో ఉన్న పిల్లకి ఎదురుగా ఉన్న నాన్న కనిపిస్తాడా? పైకప్పు చప్పుడు వినిపిస్తే చాలు.

ఇంతలో ఒక కబురు. పెద్ద స్కూలొకటి మాస్టారిని ఒక పాఠం చెప్పి చూపించమంది. హెడ్‌మిస్ట్రెస్ చూస్తుంది. నచ్చితే ఇక్కడే, ఈ మేడ మీదే కూర్చుని చెప్పుకోవచ్చు. నచ్చకపోతే ఒకటో తారీకుకల్లా వేరే ఊళ్లో తను మునుపు పనిచేసిన కాలేజీకి పోవాల్సిందే. ఈ మాట అతను మామూలుగానే చెప్పాడు. ఆమె కూడా అలాగా అంది. గదిలోకి వెళ్లాక ఒక ఇంటికి తలుపే లేకుండా ప్లాను గీసి పంపింది.

ఆరోజు పదకొండింటికి పాఠం. ఇంజినీరు సైటుకి రమ్మంటే ఒంట్లో బాగాలేదని అబద్ధమాడి, ఆమె కంప్యూటర్‌కి కాపలా కూర్చుంది. నాన్నకి పదిసార్లు చెప్పింది, ఏ స్విచ్చూ ముట్టుకోవద్దని. మాస్టారు మూడు కొట్టాడు, ఆమె రెండు కొట్టింది. పావుగంట బాగానే నడిచింది. మంచినీళ్లకి లేచి వెళ్లొచ్చేసరికి తెర నల్లగా ఉంది. మధ్యలో ఒక చుక్క గుండ్రంగా తిరుగుతోంది, పన్నెండు శాతం అంటూ.

నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. స్విచ్చు ముట్టుకోలేదమ్మా అన్నాడు. కంప్యూటరే తెర మీద అడిగింది, ఆపి మళ్లీ వెలగమంటారా అని. ముప్పై ఏళ్లలో ఏ కాగితమూ పెండింగు పెట్టలేదు కదా, సరే అని నొక్కాను.

 ఆమె చెప్పులైనా లేకుండా మెట్లెక్కింది. ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో తెలియదు, కాళ్లు మాత్రం పరిగెత్తాయి.

మేడ మీద పాఠం హాయిగా నడుస్తోంది.

పిల్లల మొహాలు తెర మీద కదులుతున్నాయి. మాస్టారు బోర్డు మీద అంకెలు వేస్తున్నాడు. బల్ల కింద ఒక తెల్లడబ్బా పచ్చగా మినుకుమంటోంది. గుమ్మం దగ్గర అక్క తల దువ్వుకుంటూ, ఈ అమ్మాయి చూపు ఎటు పోయిందో గమనించి, వీడు నీకు చెప్పలేదా అని మెల్లగా అడిగింది. స్తంభం మీద చోటు దొరికి మూడు నెలలైందట. వాళ్ల లైను వాళ్లకుందట.

అప్పుడే మాస్టారు తలతిప్పి ఆమెని చూశాడు. చూసి, ఏడూ అయిదూ పదమూడు అని బోర్డు మీద రాసేశాడు. ఒక పిల్ల తెరలోంచి పన్నెండు సార్ అంది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడి, నువ్వే కరెక్టు తల్లీ, తప్పు నాదే అని చెరిపి మళ్లీ రాశాడు. పాఠం అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది, పిల్లలు దిద్దితే ఒప్పుకునే మాస్టారు దొరకడం కష్టం, సోమవారం నుంచి మొదలుపెట్టండి, మీరున్న చోటినుంచే అని.

ఉద్యోగం వచ్చిన సంబరం మెట్ల మీదే ఆగిపోయింది. ఆమె అక్కడే కూర్చుని ఉంది.

"మూడు నెలలు," అంది. "మూడు నెలలు మా నాన్నని ఊరికే తిట్టాను."

"వైరు తీసేస్తే మీ తలుపు కొట్టడానికి నాకేం సాకు మిగులుతుందండీ?" అన్నాడతను తల వంచుకుని. "మీరు ఆయన్ని అంటున్నారని మాత్రం నాకు తెలియదు. మొదట్లో నిజంగా పోయినప్పుడల్లా, విశ్రాంతి కోసం మీరే ఆపుతున్నారనుకున్నాను."

ఆమె నాలుక కరుచుకుంది. ఆ అబద్ధం తనదే. అయినా తగ్గలేదు. పిల్లలు దిద్దితే ఒప్పుకున్నారుగా, ఇప్పుడు కిందికొచ్చి మా నాన్న ముందు ఒప్పుకోండి అంది.

అతను ఒప్పుకున్నాడు, ఏ రోజు నిజంగా పోయిందో, ఏ రోజు పోలేదో, ఒక్కొక్కటే చెప్పి.  నాన్న చొక్కా జేబులోంచి మడతలుపెట్టిన కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు, ఏ పూట ఏ స్విచ్చు కట్టేశాడో రాసుకున్నవి. మంగళవారం పది ఇరవై, హాలు ఫ్యాను ఒక్కటే. గురువారం పన్నెండు, వంటిల్లు లైటు. అమ్మాయి గది ముట్టుకోలేదు. ముట్టుకోలేదు. ముట్టుకోలేదు.

"నాకు మతిమరుపు వచ్చిందనుకున్నానమ్మా," అన్నాడు. "డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నా. నీకు చెబితే భయపడతావని ఊరుకున్నా."

ఆమె ఆయన చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారు మొహం చూడాలి, నేల విచ్చుకుంటే దూకేలా ఉన్నాడు. ఆ ముసలాయన మాత్రం నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత భుజాలు ఊగేలా, కళ్లనీళ్లు వచ్చేదాకా. నా బుర్ర బాగానే ఉందన్నమాట అన్నాడు.

"మాస్టారూ, ఇక నెట్ పోయిందని రావద్దు. ఊరికే రా."

"రావడం పోవడం ఎందుకు నాన్నా," అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ. "ఉండమను."

ఆ మాటకి ఆ మాస్టారు ఏమన్నాడో మీరు ఈ కథ ఎవరికి చెబుతారో వాళ్లనే ఊహించుకోమనండి. చెప్పేటప్పుడు మాత్రం ఆ కాగితాల సంగతి వదిలేయకండి. ప్రేమ సంగతి అందరూ గుర్తుపెట్టుకుంటారు, ఆ నాన్న సంగతి మీరు గుర్తుపెట్టుకుని చెప్పండి.